దీక్షా, మోటరా, క్యాలెండరా, తోడా: అలవాటు నిలబడటానికి మీకు ఏది సరిపోతుంది?

మా తమ్ముడు ఏడుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నాడు. వేసుకున్న ప్రతిసారీ 41 రోజులు సిగరెట్ ముట్టలేదు. మామూలు రోజుల్లో ఎనిమిదింటికి గానీ దుప్పటి తియ్యని మనిషి, మాలలో ఉన్నన్నాళ్ళూ తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి చన్నీళ్ళు పోసుకునేవాడు. చాప మీద పడక, ఒంటిపూట భిక్ష, కాళ్ళకు చెప్పుల్లేవు. శబరిమల వెళ్ళొచ్చి మాల తీసిన సాయంత్రం మాత్రం వీధి చివర కిళ్ళీ కొట్టు దగ్గర తేలేవాడు. ఏడుసార్లూ అదే వరస.

ఏడు నలభైఒకట్లు 287. అన్ని రోజులు ఒక్కటీ కాల్చకుండా ఉన్నవాడికి మనసు గట్టిది కాదని ఎలా అంటాం? వాడి మనసులో లోపం లేదు. వాడు ఎంచుకున్న పద్ధతికి 42వ రోజు ఏం చెయ్యాలో తెలీదు, అంతే. అది అర్థమయ్యాక, అలవాట్ల గురించి ఎవరు ఏ సలహా ఇచ్చినా నేను ఒక్కటే అడుగుతున్నాను: దీనిలో ఒకరోజు తప్పితే, మర్నాడు ఏమవుతుంది?

నడక, వేళకు మాత్రలు, పడుకునే ముందు నాలుగు పేజీలు చదవడం, ఖర్చులు రాసుకోవడం. ఇలాంటి చిన్న పనుల కోసం మనవాళ్ళు పట్టుకునే దారులు ఐదు నేను దగ్గర్నుంచి చూశాను. అందులో కొన్ని నేనే పాడుచేసుకున్నాను కూడా. ఏది ఎవరికి నప్పుతుందో, ఎక్కడ తెగుతుందో చెప్తాను.

ముందు ఆ 21 రోజుల మాట

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని వాట్సాప్‌లో తరచూ వస్తుంది. మన అర్ధమండల దీక్ష కూడా 21 రోజులే కాబట్టి మనకు ఇంకా తేలిగ్గా నమ్మబుద్ధేస్తుంది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకంతో ఈ అంకె ఊరూరా పాకింది. ముక్కో మొహమో సరిచేయించుకున్నవాళ్ళకు అద్దంలో కొత్త రూపం అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. 'కనీసం' అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయింది. పైగా కొత్త ముక్కుకు అలవాటు పడటానికి మనం చేసేదేమీ లేదు, అది మొహం మీదే ఉంటుంది. పొద్దున్నే లేచి నడవడం అలా కాదు కదా.

లండన్‌ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం దీన్నే లెక్కగా చూసింది. 2009లో వచ్చిన ఆ అధ్యయనంలో 96 మంది, ఒక్కొక్కరూ ఒక చిన్న పని ఎంచుకుని, రోజూ ఒకే సందర్భంలో, 84 రోజులు చేశారు. ఆలోచించకుండానే చేసేసే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లోనే వచ్చింది, ఒకరికి 254 రోజులని తేలింది. 84 రోజుల పరిశీలనలో 254 ఎక్కడిదంటే, గీత పోతున్న తీరును ముందుకు పొడిగించి కట్టిన అంచనా అది. గ్లాసుడు నీళ్ళు తాగడం లాంటివి తొందరగా పట్టుబడ్డాయి, వ్యాయామానికి బాగా ఎక్కువ కాలం పట్టింది.

నాకు ఆ అధ్యయనంలో 66 కంటే ఇంకో ముక్క పనికొచ్చింది. మధ్యలో ఒకరోజు తప్పినందువల్ల అలవాటు పడే తీరు పెద్దగా దెబ్బతినలేదు. ఒక్కరోజు తప్పితే మునిగేదేం లేదన్నమాట. మరి మనలో చాలామంది ఆ ఒక్కరోజు దగ్గరే ఎందుకు ఆగిపోతాం? చాలావరకు మనం పట్టుకున్న పద్ధతే ఆపేయిస్తుంది.

దీక్ష పట్టడం

దీక్షను తక్కువ చేసి మాట్లాడను. నల్లబట్టలు కట్టగానే ఊరంతా 'స్వామీ' అని పిలుస్తుంది. రోజూ సిగరెట్ ఇచ్చే స్నేహితుడు తనంతట తనే పక్కకు వెళ్ళి కాల్చుకుంటాడు. ఇంట్లో వంట మారిపోతుంది, ఉల్లి వెల్లుల్లి గుమ్మం లోపలికి రావు. సాయంత్రం పీఠం దగ్గర భజనకు పదిమంది ఎదురుచూస్తుంటారు, రాకపోతే గురుస్వామి అడుగుతాడు. ఇరుముడి కట్టే తేదీ ముందే తెలుసు కాబట్టి ఇంకెన్నాళ్ళో లెక్క ఉంటుంది. ఇన్ని ఊతలు ఒకేసారి దొరికే పద్ధతి ఇంకోటి నాకు తెలీదు. భవానీ దీక్ష అయినా, రంజాన్ ఉపవాసాలైనా, క్రైస్తవుల శ్రమల దినాలైనా ఇంచుమించు ఇదే బలం మీద నడుస్తాయి. మనిషి ఒక్కడే మారక్కర్లేదు, చుట్టూ ఉన్నదంతా మారి మనిషిని మోస్తుంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. మాల తీసిన రోజున ఆ ఊతలన్నీ ఒకే పూటలో పోతాయి. బట్టలు మారతాయి, పిలుపు మారుతుంది, వంట మారుతుంది, పీఠం ఖాళీ అవుతుంది. కిళ్ళీ కొట్టు మాత్రం అక్కడే ఉంటుంది.

కాబట్టి దీక్ష మొదలుపెట్టడానికి గొప్పది. ఒక పాత అలవాటు మెడ వంచడానికి, 'నేను ఇది లేకుండా ఉండగలను' అని మనకు మనం ఒకసారి చూపించుకోవడానికి దీన్ని మించింది లేదు. జీవితాంతం రోజూ చేయాల్సినదాన్ని దీనిమీద ఒక్కదానిమీదే పెట్టుకుంటే మాత్రం ఏటా మొదటికే వస్తుంది. జనవరి ఒకటిన 'ఈ నెలంతా చక్కెర బంద్' అనే చాలెంజ్‌లకూ ఇదే వర్తిస్తుంది. వాటికి భక్తి కూడా తోడుండదు కాబట్టి ఇంకా ముందే తెగుతాయి.

దీక్ష పట్టేవాళ్ళకు నా సలహా ఒక్కటే. చివరి వారంలో, మాల ఇంకా మెడలో ఉండగానే, ఈ 41 రోజుల్లో చేసినవాటిలో ఏ ఒక్కటి ఉంచుకుంటారో తేల్చుకోండి. దాన్ని మామూలు రోజుల్లో ఏ పనికి తగిలించాలో కూడా అప్పుడే చూసుకోండి. మా తమ్ముడు ఏడోసారి ఇలాగే చేశాడు. పొద్దున్నే లేవడాన్ని ఉంచుకున్నాడు, కూతుర్ని ఆరింటి ట్యూషన్‌కి దింపే పని వాళ్ళావిడ దగ్గర్నుంచి తను తీసుకున్నాడు. అది నిలబడింది. సిగరెట్లు పది నుంచి మూడుకు దిగాయి, ఇంకా సున్నా కాలేదు. మానాలనుకునేవాళ్ళకు కేంద్ర ప్రభుత్వ క్విట్‌లైన్ 1800-11-2356 ఉంది, ఫోన్ ఉచితం.

ఇంకో మాట, ఇది తేలిగ్గా తీసుకోకండి. రోజూ ఎక్కువగా తాగే అలవాటున్నవాళ్ళు మాల వేసుకున్నాం కదా అని ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, మతి తప్పడం దాకా వెళ్ళొచ్చు. ముందు డాక్టర్‌ని కలిసి, ఆ తర్వాత మాల వేసుకోవడం మంచిది. స్వామి ఏమీ అనుకోడు.

ఉన్న పనికి కొత్త పని కట్టడం

దీన్ని మా ఇంట్లో మోటర్ పద్ధతి అంటాం. పొద్దున్న ఆరింటికి మోటర్ వెయ్యడం నా పని. ట్యాంకు నిండటానికి పాతిక నిమిషాలు. ఇదివరకు స్విచ్ వేసి కింద కూర్చుని ఫోన్ చూసేదాన్ని. మరిచిపోతే నీళ్ళు పొర్లి, పక్కింటావిడ 'వదినా, మీ ట్యాంకు' అని కేకేసేది. ఈ గొడవ పడలేక ఒకరోజు మేడెక్కి కాపలా కాశాను. ఊరికే నిలబడలేక పిట్టగోడ వెంబడి అటూ ఇటూ తిరిగాను. మర్నాడూ అంతే.

ఖాళీ ట్యాంకులో నీళ్ళు పడే చప్పుడు డప్పు కొట్టినట్టు ఉంటుంది. నిండేకొద్దీ ఆ చప్పుడు సన్నబడుతూ వస్తుంది. ఇంకెంతసేపు నడవాలో నాకు ఆ చప్పుడే చెప్పేది, గడియారం చూడాల్సిన పని లేదు. ఆపేద్దామన్నా మోటర్ ఆగదు. వారం రోజులు గడిచాక నేను నడుస్తున్నానన్న సంగతే నాకు తట్టలేదు. మోటర్ వేశాను కాబట్టి మేడ మీద ఉన్నాను, అంతే. పద్నాలుగు నెలలు నడిచాను. అంతకుముందు వాకింగ్ షూస్ కొని, పార్కుకు పోతానని శపథాలు చేసి, పది రోజులు కూడా దాటని మనిషిని.

ఈ పద్ధతికి శాస్త్రం దన్ను కూడా ఉంది. 'ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత' అని ముందే తేల్చుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచి చూపిస్తూ వచ్చారు. 2002లో బ్రిటన్‌లో విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. వచ్చే వారంలో కనీసం ఒకసారి 20 నిమిషాలు వ్యాయామం చెయ్యాలి. ఊరికే వదిలేసినవాళ్ళలో 38 శాతం మంది చేశారు. గుండెజబ్బుల గురించి చదివించి ఉత్సాహపరిస్తే 35 శాతం. ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ అని కాగితం మీద రాయిస్తే 91 శాతం. అది ఒక్క వారం, ఒక్కసారి చేసిన వ్యాయామం మాత్రమే, అలవాటు అనలేం. అయినా ఉపన్యాసం విన్నవాళ్ళకూ వినని వాళ్ళకూ తేడా లేకపోవడం చూసి, మా ఇంట్లో ఉపన్యాసాలు కొంత తగ్గించాను.

కట్టేటప్పుడు చూసుకోవాల్సినవి రెండు. పాత పని రోజూ, దాదాపు ఒకే వేళకు, ఎవరూ గుర్తుచేయకుండా జరిగేదై ఉండాలి. పళ్ళు తోముకోవడం, డికాక్షన్ దించడం, కుక్కర్ పెట్టడం, రాత్రి గేటుకు తాళం వెయ్యడం లాంటివి. 'ఖాళీ దొరికినప్పుడు' అనేది ఏ పనికీ కట్టుకొయ్య కాదు. రెండోది, కొత్త పనికీ పాత పనికీ పొసగాలి. నాకు థైరాయిడ్ మాత్ర ఉంది. మొదట్లో అది గుర్తుండాలని కాఫీ డబ్బా పక్కనే పెట్టుకుని, కాఫీతో కలిపి వేసుకునేదాన్ని. ఒక్కరోజు తప్పలేదు, కానీ రిపోర్టులు బాగుపడలేదు. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. కాఫీ పడితే మందు ఒంటికి సరిగా పట్టదు. అలవాటు బ్రహ్మాండంగా కుదిరింది, కట్టింది తప్పు కొయ్యకు. ఇప్పుడు మాత్ర టూత్‌బ్రష్ స్టాండు పక్కకు మారింది. మాత్రల విషయంలో ఇంకేదీ చూడకండి, ఈ పద్ధతే పెట్టుకోండి. దానితోపాటు వారానికి ఏడు అరల ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటే 'వేసుకున్నానా లేదా' అన్న అనుమానమూ ఉండదు. మరిచిపోయిన మాత్రకు బదులుగా మర్నాడు రెండు కలిపి వేసేసుకోవద్దు, ఏం చెయ్యాలో మీ డాక్టర్‌ని ముందే అడిగిపెట్టుకోండి.

ఇక దీనిలో తప్పిన మర్నాడు ఏమవుతుంది? ఏమీ అవ్వదు, మళ్ళీ మోటర్ వేస్తాం. ఇంతకంటే క్షమించే పద్ధతి లేదు. కానీ కొయ్యే ఊడిపోతే?

మా అబ్బాయి సెలవులకొచ్చి, అమ్మ కష్టపడుతోందని, ట్యాంకు నిండగానే దానంతటదే ఆగిపోయే కంట్రోలర్ పెట్టించాడు. "ఇంక నువ్వు మేడెక్కక్కర్లేదమ్మా" అన్నాడు. నేనూ సంబరపడ్డాను. మూడు వారాల తర్వాత వడియాలు ఎండబెట్టడానికి మేడెక్కితే, పిట్టగోడ పక్కన నా చెప్పుల మీద దుమ్ము పేరుకుని కనిపించింది. నడక పోయిందని అప్పటిదాకా నాకు తెలియనే లేదు! అలవాటు అంత చప్పుడు లేకుండా కుదిరింది, అంత చప్పుడు లేకుండానే పోయింది.

ఇల్లు మారినా, ఉద్యోగం షిఫ్టు మారినా, పిల్లల స్కూలు టైము మారినా ఇదే జరుగుతుంది. కాబట్టి ఇంట్లో ఏదైనా మారినప్పుడల్లా దానికి ఏం కట్టి ఉందో ఒకసారి చూసుకోవాలి. నేను పాల ప్యాకెట్లు ఇంటికి వేయించుకోవడం మానేశాను. బూత్ దాకా వెళ్ళి తెచ్చుకుంటే రానూపోనూ పాతిక నిమిషాలు. కాఫీ కావాలంటే నడవాల్సిందే.

క్యాలెండర్, రామకోటి, యాప్

గుర్తు పెట్టుకోవడం మనకు కొత్త కాదు. వెంకట్రామా క్యాలెండర్ వేలాడే ప్రతి వంటింట్లోనూ దానిమీద పాలు రాని రోజుకు సున్నా, గ్యాస్ బండ వచ్చిన రోజుకు జి, పనమ్మాయి రాని రోజుకు ఇంటూ ఉంటాయి. అదే గడిలో నడిచిన రోజుకు ఒక టిక్కు పెట్టడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు. రోజుకు నాలుగుసార్లు తిథీ వర్జ్యమూ చూడటానికి ఎలాగూ దాని ముందుకు వస్తాం. యాప్ అయితే తెరవాలి, తెరిచేలోపు నాలుగు నోటిఫికేషన్లు ఎదురొస్తాయి.

ఇక్కడ అసలు తేడా కాగితానికీ ఫోనుకూ మధ్య లేదు. వరసను లెక్కపెడుతున్నామా, మొత్తాన్ని లెక్కపెడుతున్నామా అన్నదాంట్లో ఉంది.

మా అత్తయ్య రామకోటి రాస్తారు. గళ్ళ పుస్తకం, గడికొక 'శ్రీరామ', రోజుకు ఇంచుమించు 108. నేనోసారి లెక్క వేశాను. రోజుకు 108 చొప్పున కోటి పూర్తవాలంటే 92,593 రోజులు, అంటే 253 ఏళ్ళ పైమాట. రోజుకు వెయ్యి రాసినా 27 ఏళ్ళు దాటుతుంది. ఈ మాట కొంచెం భయపడుతూనే ఆవిడతో అన్నాను. "కోటి సంగతి ఆయన చూసుకుంటాడు, నాకు ఈ పుస్తకం అయితే చాలు" అన్నారు. కంటి ఆపరేషన్ అయినప్పుడు ఆవిడ కొన్ని వారాలు రాయలేదు. డాక్టర్ సరేనన్న రోజు పుస్తకం తీసి, ఆపిన గడి పక్క గడిలో రాయడం మొదలుపెట్టారు. దిద్దుబాట్లు లేవు, బాధా లేదు. రాసినవి ఎక్కడికీ పోలేదు కదా.

ఇప్పుడు యాప్ సంగతి. చాలా యాప్‌లు వరుసగా ఎన్ని రోజులు చేశారో చూపిస్తాయి. పక్కన మంట బొమ్మ ఒకటి. తొంభై రోజులదాకా అది మనల్ని లాక్కెళ్తుంది, నిజమే. ఒక్కరోజు తప్పితే సున్నా. ఆ సున్నా చూశాక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టబుద్ధి కాదు. యాప్ చేసినవాళ్ళకీ ఇది తెలుసు, అందుకే డ్యువోలింగో లాంటివాటిలో తప్పిన రోజును కాచే 'స్ట్రీక్ ఫ్రీజ్' పెట్టారు. మావారు అడుగులు లెక్కపెట్టే యాప్ పెట్టుకున్న కొత్తలో రాత్రి పదకొండున్నరకి హాల్లో సోఫా చుట్టూ తిరిగేవారు, పదివేలకు ఇంకా ఎనిమిది వందలు తక్కువున్నాయని. నిద్ర చెడింది, మోకాలు పట్టేసింది, యాప్ పోయింది. ఆ పదివేల అంకె డాక్టర్లు తేల్చింది కూడా కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడు, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన అడుగుల మీటరు పేరే 'పదివేల అడుగుల మీటరు'. అంకె చూడటానికి బాగుంది, అలా ఉండిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ. రోజుకు పాతిక నిమిషాలు నడిస్తే వారానికి 175 నిమిషాలు, మొదటి మెట్టు దాటేసినట్టే.

యాప్ వద్దనను. మాటిమాటికీ ఊళ్ళు తిరిగేవాళ్ళకు, ఖర్చులు రాసుకునేవాళ్ళకు అదే సుఖం. పెట్టుకుంటే వరస చూపించే బొమ్మ కనపడకుండా సెట్టింగుల్లో వీలుంటే తీసేయండి, నెలలో మొత్తం ఎన్ని రోజులు చేశారో చూసుకోండి. క్యాలెండర్ అయినా అంతే. 'ఈ నెల 22' అనుకుంటే తప్పిన మర్నాడు 23 అవుతుంది. 'వరుసగా 22' అనుకుంటే ఒకటి అవుతుంది. చేసిన పని ఒకటే, లెక్కే మారింది.

తోడు

తెల్లవారకముందే ఫోన్ మోగి, "బయల్దేరావా?" అని గొంతు వినిపిస్తే దుప్పట్లో ఎవరూ ఉండలేరు. ఒంటరిగా ఏ పనీ చెయ్యబుద్ధికాని మనుషులుంటారు, వాళ్ళకు మోటరూ క్యాలెండరూ ఏవీ పనిచేయవు, మనిషే కావాలి. తప్పిన మర్నాడు ఎవరో ఒకరు అడుగుతారు. ఇది దీని బలం.

హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో, విశాఖ బీచ్ రోడ్డులోనో పొద్దున్నే నిలబడి చూడండి, జట్లుజట్లుగానే కనిపిస్తారు. నడక మూడు రౌండ్లు, బెంచీ మీద రాజకీయాలు నలభై నిమిషాలు, ఆ తర్వాత నెయ్యి కారం దోసె. ఆ దోసెను నేను తప్పుపట్టను, వాళ్ళని లేపి తీసుకొచ్చేది అదే.

ఈ పద్ధతి ఎక్కడ తెగుతుందంటే, నలుగురిలో ఒకాయన కొడుకు దగ్గరికి అమెరికా వెళ్ళి ఆరు నెలలు ఉంటాడు. ఇంకొకాయన మోకాలు నొప్పి. మిగిలిన ఇద్దరికీ పెద్దగా మాటల్లేవు. మా వీధిలో ఒక జట్టు ఇలాగే పోయింది. ఇద్దరి జట్టు కంటే నలుగురైదుగురి జట్టు నయం, కానీ రోజూ అందరూ రావాలని పట్టు పట్టకూడదు. వేళా చోటూ ఖాయం చేసి, వచ్చినవాళ్ళతో నడవాలి. భార్యాభర్తలు ఒకరికొకరు కాపలా ఉండటం మాత్రం వద్దనే చెప్తాను. నాలుగో రోజుకే నడక పక్కకు పోయి పాత లెక్కలు బయటికొస్తాయి.

డబ్బు కట్టడం

దీనికి ఎక్కువ చోటు అనవసరం. జిమ్‌కి ఏడాది ఫీజు కట్టేస్తే పోయిన డబ్బు కోసమైనా వెళ్తామనుకుంటాం. 2006లో స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికె మాల్మెండియర్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు అమెరికాలో మూడు జిమ్‌ల లెక్కలు తీస్తే, నెలకు 70 డాలర్ల పైన కడుతున్నవాళ్ళు వస్తున్నది నెలకు సగటున నాలుగుసార్ల చిల్లర. ఒక్కో రాకకు 17 డాలర్ల పైన పడింది. పది టికెట్ల పుస్తకం కొనుక్కుంటే ఒక్కో రాకకు పది డాలర్లే పడేది. మా వీధిలో జిమ్‌కి ఏడాది కట్టినవాళ్ళు ఫిబ్రవరిలో ఎక్కడున్నారో నాకు తెలుసు, అదే ఫలితం. కట్టాలనుకుంటే ముందు ఒక్క నెలకే కట్టండి, డిస్కౌంటు పోతే పోనీ. తప్పిన మర్నాడు ఈ పద్ధతి చేసేది ఒక్కటే, పోయిన డబ్బు గుర్తుచేసి మనసు చివుక్కుమనిపిస్తుంది. చివుక్కుమన్న మనసు జిమ్ ఉన్న వీధిలోంచి వెళ్ళడం మానేస్తుంది.

మరి మీకేది?

మీ అలవాటు ఇదివరకు ఎక్కడ తెగిందో గుర్తు చేసుకోండి, జవాబు అక్కడే ఉంటుంది. మరిచిపోతున్నారా? ఉన్న పనికి కట్టండి. గుర్తుంది కానీ లేవబుద్ధి కావట్లేదా? తోడు చూసుకోండి. చేస్తున్నా ఫలితం కనబడక నీరసమొస్తోందా? మొత్తం లెక్కపెట్టే క్యాలెండర్ పెట్టండి. ఒక పాత వ్యసనం పట్టుకుని వదలట్లేదా? దీక్షతో మొదలుపెట్టి, చివరి వారంలో ఇంకోదానికి మార్చుకోండి. పరీక్షలకు చదివే పిల్లలకైతే పెద్దలు కాపలా ఉండేకంటే, స్కూల్ నుంచి రాగానే టిఫిన్ తిన్న బల్ల దగ్గరే ఒక అరగంట అని కట్టడం నయం.

ఒక్కటే చెప్పమంటే నా ఓటు మోటర్‌కే. దానికి క్యాలెండర్ టిక్కు జోడిస్తే కొయ్య ఊడిన సంగతి వారంలోనే తెలుస్తుంది, నాలాగా మూడు వారాలు పట్టదు. అంతకు మించి మూడూ నాలుగూ కలిపితే పద్ధతులు చూసుకోవడమే ఒక ఉద్యోగం అవుతుంది. ఒకేసారి రెండు మూడు అలవాట్లు మొదలుపెట్టడం కూడా అంతే. మనకు ఆరంభశూరత్వం అన్న మాట ఊరికే పుట్టలేదు.

పని మొదట్లో ఎంత ఉండాలి? మీకు కొంచెం సిగ్గనిపించేంత తక్కువ. పది పేజీలు కాదు, ఒక పేజీ. గంట నడక కాదు, వీధి మలుపు దాకా. జ్వరం వచ్చిన రోజుకూ, ఇంటినిండా చుట్టాలున్న రోజుకూ కూడా అంతే ఉంచుకోవాలి. షుగర్ మందులు వాడేవాళ్ళు పరగడుపున ఎక్కువసేపు నడిచే ముందు డాక్టర్‌ని అడగండి, కళ్ళు తిరిగి పడే ప్రమాదం ఉంది. వాళ్ళకు భోజనం చేశాక పది పదిహేను నిమిషాలు నడవడం తేలిక, షుగర్‌కూ మంచిది, కట్టుకొయ్యా దొరుకుతుంది: కంచం తీసిన వెంటనే.

అలవాట్లు ఎక్కువగా తెగేది ఊరెళ్ళినప్పుడు. అక్కడ మన మోటరూ ఉండదు, క్యాలెండరూ ఉండదు. అందుకని బట్టలు సర్దుకునేటప్పుడే అక్కడ దేనికి కట్టాలో అనుకుంటాను. మా పుట్టింట్లో పాల బూత్ లేదు, పాలు గేదె దగ్గర్నుంచే వస్తాయి. అక్కడ నా కొయ్య మా అమ్మ ముగ్గు. ఆవిడ కళ్ళాపి చల్లి ముగ్గు మొదలుపెట్టగానే నేను వీధిలోకి దిగుతాను, పూర్తయ్యేదాకా ఆ చివర నుంచి ఈ చివరికి తిరుగుతుంటాను. మామూలు రోజుల్లో పది నిమిషాల్లో అయిపోతుంది. సంక్రాంతికి రథం ముగ్గు వేసిన రోజు మాత్రం కాళ్ళు నొప్పి పుట్టేదాకా నడిపించింది.